పండుగ లెక్కలో పరిగె వాటా

నవంబరు చివరి ఆదివారం దాటిందో లేదో, తెలుగునాట క్రైస్తవ సంఘాల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, ఇంటి మీద నక్షత్రం కట్టడం ఒకటి. ఆ నక్షత్రం కట్టవచ్చా, కూడదా అని వాదించుకోవడం రెండోది. డిసెంబరు 25 బైబిల్లో ఎక్కడుందో చూపించమని ఒకరు అడుగుతారు. రోమన్ల సూర్యదేవుడి పండుగను తెచ్చి యేసుకు అంటగట్టారని ఇంకొకరు అంటారు. తాతల నాటి నుంచి చేసుకుంటున్నాం, మధ్యలో మీకేమిటి బాధ అని మరొకరు విసుక్కుంటారు. ఈలోగా పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ సభలు వచ్చేస్తాయి. మైకులు కట్టి కేకు కోసేసరికి వాదం వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. వాదించేవాళ్లంతా పండుగ ఎక్కడ పుట్టిందనే అడుగుతున్నారు. పుట్టిన తర్వాత అది ఏం పని చేస్తోందని అడిగేవారు తక్కువ. ఒక పండుగ దేవునికి తగినదో కాదో తేల్చేది, ఆనాడు ఏమీ లేనివాడికి ఏం మిగిలిందన్న లెక్కేనని ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. ఈ కొలబద్దను నేను కొత్తగా తయారు చేయలేదు. బైబిల్లో పండుగల పట్టిక ఉన్న అధ్యాయంలోనే అది ఉంది.

ముందు తేదీ సంగతి త్వరగా తేల్చేద్దాం. క్రీస్తు జన్మదినంగా డిసెంబరు 25 కనిపించే పాత ఆధారాల్లో క్రీ.శ. 354లో రోములో కూర్చిన ఒక పంచాంగం ముఖ్యమైనది. దానికి ఎనభై ఏళ్ల ముందు, 274లో, ఆరేలియన్ చక్రవర్తి రోములో సూర్యుడికి గుడి కట్టించిన మాట నిజమే. ఆ సూర్యారాధనను చూసి క్రిస్మస్ తేదీ పెట్టుకున్నారని కొందరు చరిత్రకారులు అంటారు. మార్చి 25న మరియ గర్భం ధరించిందన్న పాత లెక్కకు తొమ్మిది నెలలు కలిపితే ఈ తేదీ వచ్చిందని మరికొందరు అంటారు. ఆర్మేనియా సంఘం నేటికీ జనవరి 6నే జరుపుకుంటుంది. తేదీ మీద పట్టుదలకు పోయి పండుగనే ఎత్తేసినవాళ్లూ ఉన్నారు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్, ఈస్టరు పండుగలను రద్దు చేసింది. 1659లో మసాచుసెట్స్‌లో క్రిస్మస్ జరుపుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681లో ఆ చట్టాన్ని తీసేశారు. స్కాట్లండులో 1958 దాకా క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవే లేదు. పండుగ ఎత్తేసినందువల్ల ఆ దేశాల్లో బీదవాడికి ఒరిగిందేమిటో, ఉంచుకున్నందువల్ల మనకు పోయిందేమిటో ఈ వాదంలో ఏ పక్షమూ చెప్పదు. అందుకే ఈ దారిన వెళ్తే ఎంత దూరం నడిచినా ఊరు రాదు.

లేవీయకాండము ఇరవై మూడో అధ్యాయం తెరవండి. విశ్రాంతి దినం, పస్కా, పులియని రొట్టెల పండుగ, మొదటి పన అర్పణ, ఆ తర్వాత యాభయ్యో రోజున వారాల పండుగ, ఆ పైన బూరల పండుగ, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ, ఇలా ఇశ్రాయేలీయుల పండుగలు వరుసగా ఉంటాయి. ఎన్ని గొర్రెపిల్లలు, ఎంత పిండి, ఎంత నూనె అని కొలతలతో సాగిపోతున్న ఈ పట్టిక నడుమ, ఇరవై రెండో వచనంలో, ఉన్నట్టుండి పొలం సంగతి వస్తుంది. కోత కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయకూడదు. రాలిన పరిగె ఏరుకోకూడదు. ఆ రెండూ బీదలకూ పరదేశులకూ వదిలేయాలి. అంత చెప్పి, ఏమీ జరగనట్టు పట్టిక మళ్లీ బూరల పండుగకు వెళ్లిపోతుంది. ఇదే ఆజ్ఞ నాలుగు అధ్యాయాల ముందు ఒకసారి వచ్చింది. వచ్చినదాన్ని మళ్లీ తెచ్చి పండుగల మధ్య కూర్చోబెట్టారంటే కావాలనే చేసిన పని. వారాల పండుగ గోధుమ కోతల పండుగ, గాదె నింపుకున్న రైతు దేవునికి కొత్త పిండి రొట్టెలు తెచ్చే రోజు. రొట్టెలు గుడికి తెచ్చి, గట్టున కంకులు వదలకపోతే ఆ పండుగ సగమే చేసినట్టు.

యూదులు దీన్ని ఉత్త మంచిమాటగా వదిలేయలేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మ సంకలనంలో దీనికోసం ఒక భాగమే ఉంది. వదిలే అంచు పొలంలో అరవయ్యో వంతుకు తగ్గకూడదు, ఎంత ఎక్కువైనా వదలవచ్చు. బీదలు రోజుకు మూడుసార్లు పొలంలోకి రావచ్చు. ఒకరిని రానిచ్చి ఇంకొకరిని ఆపినా, తనకు నచ్చినవాడికి సాయపడి ఏరించినా, ఆ యజమాని బీదల సొత్తు దొంగిలించినవాడితో సమానం. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. నచ్చినవాడికి పెట్టడాన్ని మనం దానం అంటాం, పుణ్యం అంటాం. అక్కడ దొంగతనం అన్నారు. ఎందుకంటే అంచున నిలబడిన పంట అసలు యజమానిదే కాదు. తనది కానిదాన్ని పంచి పేరు తెచ్చుకునే వీలు అతనికి ఇవ్వలేదు. ద్వితీయోపదేశకాండము ఇంకో అడుగు ముందుకేసి, పొలంలో మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లవద్దంటుంది. రైతు మతిమరుపులో కూడా బీదవాడికి వాటా పెట్టిన చట్టం అది.

చట్టం సరే, అది నేల మీద ఎలా నడిచిందో రూతు గ్రంథంలో కనబడుతుంది. మోయాబు నుంచి వచ్చిన పరదేశి, భర్త పోయిన మనిషి, అత్త నయోమితో కలిసి యవల కోతల వేళకు బేత్లెహేము చేరింది. బోయజు పొలంలో కోతవాళ్ల వెనక పరిగె ఏరుకుంది. ఆమె నొచ్చుకోకుండా ఏరుకునేటట్టు, పనల్లోంచి కొన్ని కంకులు కావాలనే జారవిడవమని బోయజు తన మనుషులకు చెప్పాడు. సాయంత్రం దుళ్లగొట్టుకుంటే ఇంచుమించు తూమెడు యవలయ్యాయి. యూదులకు ఈ గ్రంథాన్ని వారాల పండుగనాడు చదువుకునే ఆచారం ఉంది. మనం మాత్రం మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని వంశావళిని, ఈ పేర్లతో మనకేం పని అన్నట్టు, గబగబా దాటేస్తాం. అందులో రూతు పేరు ఉంది. ఆమె దావీదుకు తాతమ్మ. ఆమె పరిగె ఏరిన ఊరూ, యేసు పుట్టిన ఊరూ ఒక్కటే. పిల్లలు వేసే క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరులుంటారు, జ్ఞానులుంటారు, అట్ట కిరీటం పెట్టుకుని కళ్లెర్రజేసే హేరోదుకు అందరికంటే ఎక్కువ చప్పట్లు పడతాయి. పరిగె ఏరే మనిషి వేషం ఎవరూ వేయరు. బోయజు తన పొలం గట్టు దాకా కోయించుకుని ఉంటే ఆ వంశావళి అక్కడ ఎలా సాగేదో ఊహించుకోండి.

మన సంఘాల్లోనూ కోత పండుగ ఉంది. మిషనరీల వెంట వచ్చిన ఆచారం ఇది. ఇంగ్లండులో 1843లో కార్న్‌వాల్ తీరాన మోర్వెన్‌స్టో అనే ఊళ్లో రాబర్ట్ హాకర్ అనే పాదిరి జరిపిన కృతజ్ఞతారాధనతో దీని ఇప్పటి రూపానికి ఊపు వచ్చింది. అక్కడ అది సెప్టెంబరు, అక్టోబరు నెలల పండుగ. ఇక్కడికి వచ్చాక ఊరి పంటను బట్టి, సంఘాన్ని బట్టి నెల మార్చుకుంది. ఆ రోజు గుళ్లో బల్ల ముందు అరటి గెలలు, గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, చెరుకు గడలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఆరాధన అయ్యాక బయట షామియానా కింద వేలంపాట. సంతలో నలభై రూపాయలకు దొరికే సొరకాయ రెండు వందలు, ఐదు వందలు దాటి వెయ్యి దాకా ఎక్కుతుంది. పాడేవాడికి పంతం, పక్కవాడికి అంతకు మించిన పంతం, మైకు పట్టుకున్న సంఘ పెద్దకు హుషారు. మధ్యలో కోడి కూసిందంటే ఇంకో వంద పెరుగుతుంది. చివర్లో ఎవరి పాట ఎంతకు పోయిందో పేర్లతో సహా చదువుతారు. దేవుని మందిరంలో ఈ బేరాలేమిటని ముఖం చిట్లించేవారున్నారు. నాకు ఆ అభ్యంతరం లేదు. నవ్వుకుంటూ ఇచ్చేవాళ్లను ఇవ్వనివ్వాలి. నేను అడిగేది వేరు. ఆ లెక్కలో పరిగె వాటా ఎక్కడుంది? వచ్చిన డబ్బు ప్రహరీ గోడకో, గచ్చుకో, కొత్త సౌండు సెట్టుకో పోతుంది. అవీ కావలసినవే. కానీ కోతల పేరు పెట్టుకున్న పండుగలో కోతల ఆజ్ఞకు చోటు దొరకలేదు.

తెలుగు సంఘాల చరిత్ర తెలిసినవారికి ఇది మరీ వింతగా తోచాలి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి పల్లెలకు పల్లెలుగా సంఘాల్లోకి వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఎక్కువమంది సెంటు భూమి లేక, ఇతరుల పొలాల్లో చాకిరీ చేసి బతికినవారు. వాళ్లు కానుకగా తెచ్చిన గింజలు కళ్లంలో కూలిగా కొలిచి ఇచ్చిన గింజలు. పరిగె ఎవరికి చెందాలని బైబిలు చెప్పిందో ఆ మనుషులే తమ కూలిలోంచి గుడికి వాటా తెచ్చారు. వాళ్ల మునిమనవల్లో ఇప్పుడు ఉద్యోగస్తులున్నారు, కాంట్రాక్టర్లున్నారు, విదేశాల్లో స్థిరపడినవారున్నారు. అంచు వదలవలసిన వంతు ఈ తరానిది.

మేమేం చేయడం లేదా అని సంఘ పెద్దలు అడుగుతారు. అడగడం న్యాయమే. డిసెంబరులో దుప్పట్లు పంచుతారు, దిక్కులేని ఆడవాళ్లకు చీరలు పెడతారు, హాస్టలు పిల్లలకు బిర్యానీ వండిస్తారు. చలికి వణికే మనిషికి దుప్పటి దుప్పటే, ఇచ్చినవాడి మనసులో ఏముందో ఆ మనిషికి అనవసరం. దీన్ని ఎగతాళి చేయను. అయితే పంపిణీ జరిగే తీరు చూడండి. వెనక ఫ్లెక్సీ, దాని మీద దాతల ఫొటోలు. ముసలమ్మను పేరు పెట్టి పిలుస్తారు. దుప్పటి ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస దాత చేతిలో, ముఖాలు రెండూ కెమెరా వైపు. ఫొటో సరిగా పడకపోతే దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. పరిగె చట్టంలో ఈ తంతుకు చోటే లేదు. ఏరుకునేది ఎవరో పొలం యజమానికి తెలియనక్కరలేదు. వచ్చినవాళ్లు అతనికి దండం పెట్టనక్కరలేదు, అతని గురించి సాక్ష్యం చెప్పనక్కరలేదు. పైగా నడుం వంచి ఏరుకోవాలి, దుళ్లగొట్టుకోవాలి, మోసుకుపోవాలి. కష్టం తనదే కాబట్టి తినే ముద్దలో చిన్నతనం ఉండదు. అలా వదిలేస్తే అర్హత లేనివాళ్లు పట్టుకుపోతారన్న భయం సహజమే. ఆ కాలపు రైతుకూ ఆ భయం లేకపోలేదు. అయినా ఎవరు అర్హులో ఎంచే అధికారం అతనికి ఇవ్వలేదు.

ఇలాంటి జాగ్రత్తే మన నేల మీద ఒక పెద్ద కరవులో కనబడింది. 1876-78 కరవు రోజుల్లో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవారికి కూలి పని చూపించాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు సాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను సంఘాల చరిత్రల్లో గర్వంగా చెప్పుకుంటారు. దానికి ముందు బాప్తిస్మాలు లేకుండా గడిచిన నెలల గురించి అంతగా చెప్పుకోరు. నా లెక్కలో ఆ ఖాళీ నెలలే గొప్పవి.

పండుగల మీద అన్నింటికంటే బలమైన అభ్యంతరం పౌలు రాతల్లోంచి వస్తుంది. దినాలనూ నెలలనూ పట్టుకుని వేలాడుతున్నారని గలతీయులను ఆయన మందలించాడు. పండుగల విషయంలో మీ మీద ఎవరినీ తీర్పరులు కానివ్వవద్దని కొలస్సయులకు రాశాడు. రోజులన్నీ దేవునివే అయినప్పుడు ఒక రోజుకు పీట వేయడమెందుకు, నిత్యజీవితంలో భక్తి ఉంటే చాలదా అని అడుగుతారు. పౌలే రోమీయులకు రాస్తూ, ఒక దినాన్ని మిన్నగా ఎంచేవాడూ, అన్నీ సమానమనుకునేవాడూ ఎవరికి వారు తమ మనసులో స్థిరపడాలన్నాడు. అంటే పండుగను తప్పు పట్టలేదు, దాన్ని పక్కవాడి మెడకు చుట్టడాన్ని తప్పు పట్టాడు. ఇంకో సంగతి. అన్ని రోజులూ సమానమే అనే మాట ఎవరి నోట వస్తోందో కూడా చూడాలి. తన సెలవు తన చేతిలో ఉన్నవాడికి అన్ని రోజులూ సమానమే. ఇంకొకరి కింద చాకిరీ చేసేవాడికి, ఫలానా రోజు వేరని ఊరంతా ఒప్పుకుంటే తప్ప నడుం వాల్చే దారి లేదు. ద్వితీయోపదేశకాండములో విశ్రాంతి దినానికి చెప్పిన కారణమే అది: దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి.

క్లౌ తన సంఘంలో చేరేవారికి పెట్టిన నియమాల్లో మూడు ముఖ్యమైనవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి మొదటిదే తేలిక. కానీ తరతరాలుగా పిలిస్తే పలకవలసిన మాదిగ పాలేరు, ఆదివారం పనికి రానని చెప్పడం పల్లెలో చిన్న విషయం కాదు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది, కొత్త విశ్వాసులు బాధలు పడ్డారు. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్యతో మాదిగల్లో మొదలైన ఆ కదలికలో పాటలు, ప్రార్థనలు ఎంత పని చేశాయో, వారంలో ఒక రోజు నాది అని చెప్పగలిగిన ధైర్యం అంత పని చేసింది. ఒక దినాన్ని ప్రత్యేకంగా ఎంచడం వల్ల మిగిలిన ఆరు దినాల బతుకు కూడా మారిందనడానికి ఇంతకంటే ఏం నిదర్శనం కావాలి?

దినాలు పాటిస్తూనే దారి తప్పవచ్చని కూడా బైబిలే హెచ్చరించింది. ఆమోసు ప్రవక్త కాలంలో వర్తకులు అమావాస్య పండుగ ఎప్పుడు అయిపోతుందా, ధాన్యం కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని ఎదురు చూశారు. కొలపాత్ర చిన్నది చేయాలి, తూనికరాయి పెద్దది చేయాలి, ఊడ్చిన తాలు కూడా బీదలకే అమ్మాలి, ఇదీ వాళ్ల ఆలోచన. ఊరికే వదలవలసినదానికి ధర కట్టారు. ఉపవాసం ఉన్న రోజునే పనివాళ్లను పీడిస్తున్నారని యెషయా నిలదీశాడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల కాలంలో మాంసం మానేస్తాం, కొందరం చెప్పులు కూడా మానేస్తాం. ఇంట్లో అంట్లు తోమే మనిషికి ఒకటో తేదీ ఇవ్వవలసిన జీతం పదో తేదీ దాకా ఆపడం మానేశామా?

వరికోత మిషను వచ్చి పొలాన్ని నున్నగా గీసి పోతుంటే ఇంకా పరిగె ఎక్కడిది అంటారా? నిజమే, ఇప్పుడు చాలామంది చేతుల్లో పొలం లేదు. జీతం ఉంది, షాపు ఉంది, సెలవులు ఇచ్చే అధికారం ఉంది, ఖాళీ గదులున్నాయి. వాటికీ అంచులున్నాయి. డిసెంబరు 24 రాత్రి దాకా బట్టల షాపులో నిలబడి చీరలు మడతపెట్టే అమ్మాయికి మర్నాటి సెలవు ఒక అంచు. సభ ముగిశాక కాగితం ప్లేట్లు ఎత్తే మునిసిపాలిటీ మనుషులకు, మిగిలినవి పెట్టకుండా అందరితో పాటు ఆకు వేయడం ఒక అంచు. దక్షిణాది సంఘాల్లో పిడికెడు బియ్యం అనే పాత అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు రోజూ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆ డబ్బా గుడికి వెళ్తుంది. అన్ని ఇళ్ల బియ్యం ఒకే గంపలో కలిశాక ఎవరి పిడికెడు ఏదో ఎవరికీ తెలియదు. పరిగెకు అంతకంటే దగ్గరి చుట్టం మన ఆచారాల్లో నాకు కనబడలేదు. పట్నాల్లో ఆ డబ్బా స్థానంలో పేరు రాసిన కవరు వచ్చింది. అన్నట్టు, జనవరి ఒకటిన పంచే, ఒక్కో వచనం రాసిన వాగ్దానం కార్డుల్లో దీవెనలు, విజయాలే తప్ప లేవీయకాండములోని ఆ ఇరవై రెండో వచనం రాదు. ఒకవేళ వస్తే, ఇంకోటి తీసుకోవచ్చా అని అడిగేవాళ్లే ఎక్కువ ఉంటారు.

ఈసారి కోత పండుగకు మీ సంఘ కమిటీ కూర్చున్నప్పుడు ఒక తీర్మానం రాయించండి. వచ్చిన పంటలో కనీసం అరవయ్యో వంతు వేలానికి పెట్టకుండా ఉంచండి. గుడి గేటు బయట బల్ల వేసి దాని మీద పెట్టేయండి. కాపలా పెట్టకండి, పేర్లు రాయకండి, ఫొటో తీయకండి, ఏ మతం అని అడగకండి. గుడి ఊడ్చే మనిషికి ఆ రోజు సెలవిచ్చి, కూలి ముందురోజు సాయంత్రమే చేతిలో పెట్టండి.